మూతలు తీసే మనిషి

ఆయన పోయారన్న కబురు మా ల్యాబు వాట్సాప్ గ్రూపులో పొద్దున్నే వచ్చింది. అప్పుడే టీ గిన్నె స్టవ్ మీద పెట్టి మూత కోసం చెయ్యి చాచాను. ఫోను వరసగా మోగడం మొదలెట్టింది. ఒకరి వెనక ఒకరు దండాల బొమ్మలు, ఓం శాంతులు పెట్టేస్తున్నారు. ఆయన సర్వీసులో ఉన్నన్నాళ్ళూ "ఈ ముసలాయన గోల పడలేకపోతన్నాం" అని పై ఆఫీసుకు ఫోన్లు చేసినవాళ్ళ దండాలే అన్నిటికన్నా ముందు వచ్చాయి. నాకు ఒళ్ళు మండింది. ఏడుపు తర్వాత వచ్చింది, ముందు వచ్చింది మంటే. ఆ మంటలో టీ గిన్నె మీద మూత పెట్టడం మరిచిపోయాను. పెట్టలేదని చూసుకున్నాక స్టవ్ కట్టేసి, గట్టుకు ఆనుకుని నిలబడి ఏడ్చాను.

మూతల సంగతి చెప్పకుండా ఆయన గురించి ఇంకేం చెప్పినా దండగ.

శ్రీకాకుళంలోని నీటి పరీక్షల ల్యాబులో మావి ఎదురెదురు బల్లలు. నాది పురుగుల బల్ల. నీళ్ళలో రోగం తెచ్చే సూక్ష్మజీవులు ఉన్నాయో లేవో గాజు ప్లేట్ల మీద పెంచి చూడడం నా పని. ఆయనది రసాయనాల బల్ల. ఫ్లోరైడు, ఇనుము, ఉప్పదనం, క్లోరిన్ అన్నీ ఆయనవి. నేను చేరేసరికే ఆయన తల నెరిసిపోయింది. అందరూ సార్ అనేవారు, నేను మాత్రం మాస్టారూ అనేదాన్ని. ఎదుటి మనిషి విన్నా వినకపోయినా పాఠం పూర్తయ్యేదాకా వదిలే రకం కాదు మరి. మాది చీపురుపల్లి, నాన్నకు బజార్లో కిరాణా కొట్టు. అది తెలిసిన రోజునుంచీ నేను ఆయనకు సావుకారమ్మనయ్యాను.

నేను ప్యాసింజరు బండిలో ఆమదాలవలసలో దిగి ఆటో ఎక్కి ల్యాబుకు వచ్చేదాన్ని. గుమ్మంలో అడుగు పెట్టగానే ఆయన నమస్కారం పెట్టడాలూ, కుశలం అడగడాలూ ఉండేవి కావు.

"సావుకారమ్మా, పొందూరు దాటేక సెరువు సూసినావా? పచ్చబడిందేటి?"

మొదట్లో నాకు విసుగు. పొద్దున్నే లేచి వంట చేసి, బండి అందుకుని, నిలబడ్డానికి కాస్త చోటు దొరికితే చాలనుకుని వచ్చే మనిషిని నేను. కిటికీలోంచి చెరువు రంగు చూడమంటారు ఈయన. ఒకరోజు చూడలేదని చెబితే ముఖం ముడుచుకున్నారు. మర్నాటినుంచి చూడడం మొదలెట్టాను. ఆయన రిటైరై ఇన్నాళ్ళయినా, ఇప్పటికీ పొందూరు దాటగానే నా మెడ అటు తిరుగుతుంది. అలవాటు చేసేసి వెళ్ళిపోయారు.

పచ్చదనంతో ఆయనకేం పనో చెప్పాలి. నాచు పట్టిన నీళ్ళలో, ఆకూ చెత్తా కుళ్ళిన నీళ్ళలో క్లోరిన్ పడితే అది పురుగుల్ని చంపడంతో ఊరుకోదు. ఆ కుళ్ళుతో కలిసి కొత్త రసాయనాలు పుట్టిస్తుంది. ఏళ్ళ తరబడి అవి కడుపులో పడితే కేన్సరు ప్రమాదం పెరగొచ్చని శాస్త్రం అనుమానిస్తోంది. అందుకే చాలా దేశాలు వాటికి హద్దులు పెట్టుకున్నాయి. కొన్నిచోట్ల ముఖ్యమైన నాలుగింటినీ కలిపి ఒకే హద్దు, మన దగ్గర దేనికి దానికే హద్దు. హద్దయితే పుస్తకంలో ఉంది. కొలిచే మిషనే మా ల్యాబులో లేదు.

"పెళ్ళి సేసింది మనం. బ్లీచింగుకీ కుళ్ళినాకుకీ దగ్గరుండి మరీ సేసినాం. పుట్టిన గుంటల్ని మాత్రం ఎవడూ ఎత్తుకోడు," అనేవారు ఆయన.

మా వైపు గుంటలంటే పిల్లలు. ఆ గుంటల్లో కొన్ని తేలికవి, గాలికి ఎగిరిపోతాయి. బిందె మూత తీసి కాసేపు ఉంచినా, మూత లేకుండా మరగబెట్టినా కొంత పోతాయి. అది మనసులో పెట్టుకుని ఆయన ఎక్కడికి వెళ్ళినా మూతలు తీసేవారు. ఆఫీసు వాటర్ క్యాను మూత, టీ కొట్టువాడి గిన్నె మూత, పెళ్ళిళ్ళలో నీళ్ళ డ్రమ్ము మూత. అడిగేది లేదు, చెప్పేది లేదు. తీసి పక్కన పెట్టేసి, వంగి వాసన చూసి, తలాడించి వెళ్ళిపోయేవారు. పెళ్ళివారు ఈయనెవరో మతి చలించినాయన అనుకునేవారు.

ఒకసారి మా ఇంటికి భోజనానికి వచ్చారు. మాది కొట్టు సంసారం. బెల్లం, పంచదార, పప్పులు, నెయ్యి, ఏ డబ్బాకీ మూత లేకుండా క్షణం ఉండదు. మూత పెట్టడం మా అమ్మకు దేవుడికి దీపం పెట్టడం లాంటిది. ఆయన చేతులు కడుక్కునే వంకన వెనక్కి వెళ్ళి, బిందె మూత, కాగు మూత, మరిగే నీళ్ళ గిన్నె మూత వరసగా తీసేశారు. అమ్మ చూసింది.

"ఇదేటి బాబూ, ఇలగ మూతలన్నీ తీసెత్తన్నారు? సీమలు పట్టీవా?"

"పడితే తీసి పారెయ్యొచ్చమ్మా. ఇందులో ఉన్నవి కంటికి కనపడవు."

"కంటికి కనపడని వోటితో మాకేటి పని? కనపడే వోటితోనే సస్తన్నాం," అని అమ్మ మళ్ళీ మూతలన్నీ పెట్టేసింది. ఆయన భోజనం చేస్తున్నంతసేపూ వాటివంకే చూశారు. నేను నవ్వాపుకోలేక పొలమారి, నీళ్ళు తాగాల్సి వచ్చింది.

ఇంత చేసినాయన సీసాల దగ్గర మాత్రం పూర్తిగా తిరగబడిపోయేవారు. ఆ రసాయనాల కోసం నీళ్ళు పట్టాలంటే చిన్న గోధుమరంగు గాజు సీసాలుంటాయి. లోపల గాలన్నది మిగలకూడదు. మిగిలితే కొలవాల్సిన సరుకు ఆ గాలిలోకి పోతుంది. ఆయన సీసా ఒరగేసి, సన్నటి ధారతో నింపి, నీళ్ళు అంచు మీద ఉబ్బి నిలిచాక మూత బిగించి, తలకిందులు చేసి వెలుతురులో చూసేవారు. ఆవగింజంత బుడగ కనబడినా పారబోసి మళ్ళీ మొదలు. ఊళ్ళో జనం చుట్టూ మూగి, ఎండలో మాడిపోతూ, ఈయన బుడగ కోసం వెతకడం చూసి చెవులు కొరుక్కునేవారు. "మాస్టారూ, ఒక బుడగేగా!" అని నేనంటే, "నీ ప్లేటు మీద ఒక్క పురుగుంటే వదిలేత్తావేటి?" అని అడిగేవారు.

నింపిన సీసాలు ఐసు పెట్టెలో పెట్టి దూరపు నగరంలో ఉన్న పెద్ద ల్యాబుకు పంపేవారు. మిషను అక్కడే ఉంది. రెండు వారాల్లోపల చూడకపోతే ఆ నీళ్ళు పనికిరావు. ఒకసారి మిషను పాడైంది, ఒకసారి దాన్ని నడిపే మనిషి బదిలీ అయ్యాడు, ఒకసారి పెట్టె ఎవరి బల్ల కిందో రెండు వారాల పైన ఉండిపోయింది. నేనున్నంత కాలంలో ఆయన పంపిన సీసాల్లో ఒక్కదానికీ అంకె వెనక్కి రాలేదు. ఒక ఊరి నీళ్ళకు, ఒక్క ఊరికి, సరైన అంకె చేతికి వస్తే చాలని ఆయన కోరిక. "ఒక్కటొస్తే దాన్ని పట్టుకెల్లి కలెక్టరు గారి బల్ల మీద ఎట్టీనా? ముందు ఇసక ఫిల్టరు బాగు సెయ్యండి, ఆకు సెత్త తీయండి, ఆ తరవాత బ్లీచింగు ఎయ్యండి అని సెప్పనా?" అనేవారు. జీవితంలో ఆయన ఇంకేదీ ఇంతగా కోరుకోగా నేను చూడలేదు.

నెల నెలా పంపే రిపోర్టులో ఆ రసాయనాల ఎదుట ఆయన 'పరీక్షించలేదు' అని రాసేవారు. పై ఆఫీసరు ఫోను చేసేవాడు. "అన్ని జిల్లాలవాళ్ళూ నిల్ అని రాస్తున్నారు, మీకేం నొప్పండీ?"

"నిల్లంటే లేదనండి. లేదని కాదండి, నాను సూడ్లేదండి."

ఆ మాట ఆయన నోట్లో అలా ఉండిపోయింది. షుగరుందా మాస్టారూ అంటే, "లేదని కాదమ్మా, సూడ్లేదు." ఆఫీసులో ఈ మాట పట్టుకుని అందరూ ఆటపట్టించేవారు. నేనూ ఆటపట్టించాను. ఆయన యాసకు నవ్వే ఆఫీసర్లు వేరే ఉండేవారు. వాళ్ళకు వినబడాలని ఇంకాస్త సాగదీసి మరీ మాట్లాడేవారు ఆయన.

మధ్యాహ్నం క్యారేజీలు విప్పాక ఫోనులో దేశదేశాల నీళ్ళ కబుర్లు చదివి వినిపించేవారు. ఎక్కడో ఒక దేశంలో కుళాయి నీళ్ళు హద్దు దాటితే తాగేవాళ్ళందరికీ ఆ సంగతి తెలియజేస్తారని చదివి, పెరుగన్నం ముద్ద చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయారు.

"తాగేవోళ్ళకి సెప్తారంట సావుకారమ్మా! ఇదిగో ఇంత ఉన్నాది, ఇలగ బాగు సేత్తన్నాం అని."

"మన దగ్గర చెబితే ఏమవుతుంది మాస్టారూ?"

"వింటారమ్మా. ఎందుకినరు? నీళ్ళు తాగేది ఆళ్ళే కదా."

నాకు ఆ నమ్మకం లేదు. మా నాన్న కొట్లో గల్లా ముందు కూర్చుని పెరిగినదాన్ని. మనిషి తనకు కావలసిన సగం మాటే వింటాడని నాకు చిన్నప్పుడే తెలుసు. అయినా ఆయనతో వాదించలేదు. అన్నం చేత్తో పట్టుకుని అంత సంతోషంగా ఉన్న మనిషితో ఏం వాదిస్తాం?

ఆయన సొంతూరు కోటబొమ్మాళి అవతల, వరి పండించే పల్లె. ఊరి పేరు రాయను. కాలవ నీళ్ళతో నింపే చెరువు ఒకటి ఉంది, దాన్నిండా గుర్రపుడెక్క. ఇసక ఫిల్టరు పూడుకుపోయి ఎన్నాళ్ళయిందో ఎవరికీ గుర్తులేదు. చెరువు నీళ్ళు నేరుగా పంపు షెడ్డు పక్కనున్న సంపులో పడతాయి, అందులో ఆపరేటరు బ్లీచింగు కుమ్మరిస్తాడు, అక్కణ్ణించి ట్యాంకుకీ కుళాయిలకీ పోతాయి. ఆయన అప్ప, అంటే అక్క, అదే ఊళ్ళో ఉండేది. మనిషి పొడుగు, గొంతు ఇంకా పొడుగు. తమ్ముడంటే ప్రాణం, తమ్ముడి మూతల పిచ్చి అంటే ఒళ్ళుమంట.

"ఒరే, ఇంత సదువు సదివింది మా బిందె మూతలు తియ్యడానికేటిరా?" అంటూనే ఆయన తీసిన మూత మళ్ళీ పెట్టేది. ఈయన తీసేవారు. ఆవిడ పెట్టేది. ఈలోపల నాకు ఉప్మా పెట్టేది.

ఓ ఎండాకాలం ఆ ఊరికి నీళ్ళు పట్టడానికి వెళ్ళాం. సంపు దగ్గర ఆయన బుడగలు వెతుకుతుంటే ఆడవాళ్ళు చుట్టూ చేరారు. ఒకావిడ అడిగింది.

"బాబూ, ఈ నీళ్ళు గొంతు దాకా బ్లీచింగు వాసనే. అన్నం వొండినా అదే వాసన. మంచివేనా ఇవి?"

నేను ఆయన మోచెయ్యి పట్టుకుని లాగాను. పైవాళ్ళకు చెబుదాం, ఇక్కడ వద్దని నా ఉద్దేశం. ఆయన చెయ్యి విడిపించుకున్నారు. అడిగినవాళ్ళు నీళ్ళు తాగేవాళ్ళు. ఆయన ఇన్నాళ్ళుగా ఎదురుచూసిన ప్రశ్న అదే.

ఇక పాఠం మొదలైంది. గుర్రపుడెక్క, కుళ్ళు, బ్లీచింగు, పెళ్ళి, పుట్టిన గుంటలు. బ్రహ్మాండంగా చెప్పారు. ఆడవాళ్ళు నవ్వారు, నోళ్ళు నొక్కుకున్నారు, భయపడ్డారు. అప్ప అందరికన్నా ముందు నిలబడి, మా తమ్ముడు చూడండర్రా అన్నట్టు అటూ ఇటూ చూసింది. "ఎక్కువెక్కువ కుమ్మరిత్తే ఆ గుంటలు ఎక్కువైపోతాయి. కేన్సరు భయం ఉన్నాదంటన్నారు. అయితే..." అని ఆయన రెండో సగానికి వచ్చేసరికి సందు చివర ఎవరో కేకేశారు.

"కుళాయి వచ్చీసినాదర్రో!"

ఆ ఊళ్ళో కుళాయి రోజుకు ఒక్కసారి వస్తుంది. ఎంతసేపు ఉంటుందో దేవుడికే తెలియాలి. బిందెలు ఎత్తుకుని అందరూ ఒక్క పరుగున వెళ్ళిపోయారు. అప్ప కూడా వెళ్ళిపోయింది. ఆ సంపు దగ్గర నేనూ, ఆయనా, చెవులు వినపడని ఒక తాతా మిగిలాం. ఆయన ఆగలేదు. అలవాటు కొద్దీ పాఠం పూర్తి చేశారు. "అయితే బ్లీచింగు మాత్రం మానకూడదు. మానితే వాంతులూ విరేచనాలూ వొచ్చి రెండ్రోజుల్లో పోతాం. కేన్సరు తరవాత మాట. ముందు నీళ్ళు వడకట్టుకుని, సెత్త తీసుకుని, అప్పుడు కొద్దిగా ఎయ్యాల." తాత అన్నిటికీ తలూపాడు.

"మాస్టారూ, ఎవరూ లేరు," అన్నాను.

ఆయన ఊరుకోలేదు. ఆపరేటరు ఇంటికి వెళ్ళి చెప్పారు. బిందెలు దించుకుంటున్న అప్పకు చెప్పారు, పంచాయతీ ఆఫీసులో చెప్పారు. అందరూ "సరేలే" అన్నారు. నేను పక్కనే ఉన్నాను, విన్నాను. ఆ మాట నాలుగుసార్లు చెప్పినా పాతనూతిలో పడేసినట్టే పడింది. జీపు ఎక్కుతుంటే అప్ప వీధిలో గొంతెత్తి చెబుతోంది. "మా తమ్ముడు సెప్పినాడు, బ్లీచింగంతా విసమంట!"

ఆపరేటరుకు బస్తాలు మొయ్యడం తప్పింది. పంచాయతీకి బస్తాలు కొనడం తప్పింది. ఆడవాళ్ళకు వాసన తప్పింది. ఊరు ఊరంతా సుఖపడింది.

తర్వాత అమ్మవారి పండగ వచ్చింది. మా వైపు పండగంటే ముర్రాటలు ఉంటాయి. కుండల్లో పసుపు నీళ్ళు కలిపి, వేపకొమ్మలు వేసి, ఆడవాళ్ళు నెత్తిన పెట్టుకుని ఊరేగింపుగా వెళ్ళి అమ్మవారికి పోస్తారు. ఊరికి జబ్బులు రాకుండా చల్లగా చూడమని. ఆ ఏడు ఎవరికో ఆలోచన వచ్చింది. బ్లీచింగు ఎలాగూ మానేశాం, నీళ్ళు శుభ్రం కావడానికి అమ్మవారి మందు కన్నా ఏం కావాలి? పోయగా మిగిలిన ముర్రాటల్ని డప్పులతో సంపు దగ్గరికి తీసుకొచ్చి అందులో పోశారు, కొమ్మలతో సహా. మొదటి కుండ అప్పది. తమ్ముడు కెమికల్ మాన్పించాడు, ఆ పుణ్యం తనదే అని ఆవిడ సంబరం.

ఇవన్నీ మాకు తర్వాత తెలిసినవి. తొలకరి వానకు వీధుల్లో మురుగంతా పారి చెరువులో పడింది. నాలుగు రోజులు తిరక్కుండా ఊరు పడకేసింది.

మేము వెళ్ళేసరికి బడిలో మంచాలు వేశారు. కిటికీ ఊచలకు సెలైను సీసాలు కట్టి ఉన్నాయి. గదంతా వాంతుల కంపు. అప్ప ఆ తెల్లారగట్టే పెద్దాసుపత్రికి తీసుకెళ్తుంటే ఆటోలో పోయింది. ఆయన జీపు దిగి నేరుగా ఆ ఇంటికి వెళ్ళారు. నేను గుమ్మంలో ఆగాను. ఆయన ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చున్నారు. ఏడవలేదు. పక్కన గోడవార నీళ్ళ బిందె ఉంది. మూత లేదు. ఆవిడే తీసిందో, గొడవలో ఎవరైనా తీశారో నాకు తెలియదు. ఆయన దానివైపు చూస్తూ చాలాసేపు కూర్చున్నారు.

తర్వాత లేచి సంపు దగ్గరికి వచ్చారు. అప్పటికే పై నుంచి వచ్చినవాళ్ళు, ఎన్ని బస్తాలో తెలియదు, బ్లీచింగు అందులో గుమ్మరించేశారు. వేపకొమ్మలు తీసినవాడు లేడు. వాసనకు కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి. ఆయన పెట్టె తెరిచి గోధుమరంగు సీసా తీశారు. నింపారు. తలకిందులు చేసి చూశారు. పారబోశారు. మళ్ళీ నింపారు.

"మాస్టారూ, ఇవాళొద్దు," అన్నాను.

"ఇలాంటి నీళ్ళు మళ్ళా దొరకవు సావుకారమ్మా. ఇవాళే సూడాల. అంకె ఇవాళ తేలాల."

ఆ గొంతు నాకు భయం పుట్టించింది. జనం పోగయ్యారు. ఆయన బావ, అప్ప మొగుడు, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"నీ మాటే కద బామ్మర్దీ, మీ అప్ప ఊరంతా సెప్పినాది. సాటింపు ఏసినట్టు సెప్పినాది. ఇప్పుడది పోనాది. నువ్వు సీసాలు నింపుకుంతన్నావు."

"నాను సగమే..." అన్నారాయన. ఆ వాక్యం పూర్తి చెయ్యలేదు. ఆయన పూర్తి చెయ్యని మాట నేను విన్నది అదొక్కటే.

ఆ సీసాలు ఐసు పెట్టెలో పెట్టి, అప్పను దహనం చేసిన మర్నాడు ఆయనే స్వయంగా బస్సెక్కి నగరానికి తీసుకెళ్ళారు. మిషను ఉంది, బాగానే ఉంది. దానికి కావలసిన గ్యాసు సిలిండరు రాలేదన్నారు. వస్తుందన్నారు. వచ్చేసరికి గడువు దాటింది. ఒక సీసా వెనక్కి తెచ్చుకున్నారు. ల్యాబు ఫ్రిజ్‌లో, నా పరీక్షల మందుల పక్కన పెట్టారు.

ఊరి మీద విచారణ జరిగింది. బ్లీచింగు మానడం వల్ల రోగం వచ్చిందని తేల్చారు. అందులో అబద్ధమేమీ లేదు. నా ప్లేట్లు కూడా అదే చెప్పాయి. ఇకనుంచి రెట్టింపు వెయ్యమని ఆర్డరు వచ్చింది. ఫిల్టరు మాట ఎవరూ ఎత్తలేదు. ఎత్తాల్సిన ఒక్క మనిషికి ఎత్తడానికి నోరు లేదు. కొన్నాళ్ళకు ఆ ఊరి నీళ్ళు మళ్ళీ నా బల్ల మీదకు వచ్చాయి. ప్లేటు మీద ఒక్క మచ్చ లేదు, కడిగిన అద్దంలా ఉంది. ఆయన లేచి వచ్చి చూశారు.

"బాగున్నాయమ్మా," అని తన బల్ల దగ్గరికి వెళ్ళిపోయారు. ఆయనతో పోట్లాడాలని నాకు ప్రాణం కొట్టుకుపోయింది. గుంటలు మాస్టారూ, ఆ గుంటల సంగతేమిటి అని అడగాలనుంది. అడగడానికి మొహం చెల్లలేదు. గెలిచింది నా బల్ల.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా 'పరీక్షించలేదు' అని రాస్తూనే వచ్చారు. అదొక్కటీ మానలేదు. కానీ సీసాలు పంపడం మానేశారు, దేశదేశాల కబుర్లు చదవడం మానేశారు. పొద్దున్నే చెరువు సంగతి అడగడం కూడా మానేస్తే, నేనే చెప్పేదాన్ని. "ఇవాళ పచ్చగా ఉంది మాస్టారూ." ఊఁ అనేవారు.

రిటైరయ్యే ముందు మా ఇంటికి చివరిసారి భోజనానికి వచ్చారు. మా అమ్మకు జరిగినదంతా తెలుసు. ఆవిడ ఆ రోజు తన జన్మలో చెయ్యని పని చేసింది. ఆయన వచ్చే వేళకు బిందె మూత, కాగు మూత, గిన్నెల మూతలు అన్నీ తీసి పక్కన పెట్టింది.

"మీరొస్తన్నారని తీసే ఉంచినాను బాబూ."

ఆయన చేతులు కడుక్కుని, వంటింట్లోకి వెళ్ళి ఒక్కొక్క మూతా వెతికి మళ్ళీ పెట్టారు. "సీమలు పడతాయమ్మా," అన్నారు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని వెనక వరండాలోకి వెళ్ళిపోయింది. ఆ రోజు నేనేం వండానో, ఆయనేం తిన్నారో నాకు గుర్తులేదు.

కబురు వచ్చిన రోజు ల్యాబుకు వెళ్ళి ఫ్రిజ్ తెరిచాను. ఆ సీసా ఇంకా ఉంది. చీటీ మీద అక్షరాలు చెరిగిపోయాయి. తీసి తలకిందులు చేసి వెలుతురులో పట్టుకున్నాను. లోపల బుడగ ఉంది. బాగా పెద్దదే. ఎప్పుడు చేరిందో. ఆయన బల్ల దగ్గర ఇప్పుడు కూర్చునే కుర్రాడు మంచివాడు, చురుకైనవాడు, నెల తిరిగేసరికి అన్ని గళ్ళలోనూ నిల్ అని కొట్టి పంపేస్తాడు. సీసా మళ్ళీ ఫ్రిజ్‌లో పెట్టి తలుపు వేశాను.

పెద్దకర్మకు ఆ ఊరు వెళ్ళాను. రిటైరయ్యాక ఆయన అక్కడికే వెళ్ళి ఉండడం మాకందరికీ వింతే. సరిగ్గా పలకరించేవాళ్ళు లేని ఊరు. వాళ్ళావిడ నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. కడుపులో ఏదో పెరిగిందని, చూసేసరికే ఆలస్యమైపోయిందని చెప్పింది. దాన్ని ఆ నీళ్ళకు నేను అంటగట్టను. అంటగడితే ముందు నన్ను తిట్టేది ఆయనే.

"ముందే చూపించుకోలేదా అండీ?"

"జబ్బేటీ లేదు కదా అంటే, లేదని కాదే, సూడ్లేదు అనీవోరు. సూపించుకోమంటే ఎల్లీవోరు కాదు. పొద్దోతే సంపు కాడికెల్లి కూకునీవోరు. అక్కడేటున్నాదో."

కుళాయి వచ్చే వేళయింది. సందులో బిందెల చప్పుడు. ఆయన బావ నన్ను గుర్తుపట్టి దగ్గరికి వచ్చాడు. ముసలివాడైపోయాడు. "ఇప్పుడు మా ఊర్ల నీళ్ళకి డోకా లేదమ్మా. ఇంటి గుమ్మంలకి వాసనొస్తాది, సూడు," అన్నాడు గర్వంగా. నిజమే, వస్తోంది. పండగ ముర్రాటలు ఇప్పటికీ సంపులో పోస్తున్నారని కూడా చెప్పాడు. అమ్మవారి మందు అమ్మవారిదే, సర్కారు మందు సర్కారుదే. రెండూ వేస్తున్నారు.

వాళ్ళావిడ బిందె నింపుకొచ్చి గోడవార దించింది. గ్లాసుతో ముంచి నాకిచ్చింది. మూత చేతిలో పట్టుకుని నన్నే చూస్తూ నిలబడింది.

"అమ్మా, నువ్వూ ఆయన కాడే పని సేసినావు కదా. ఆయన్ని అడిగితే బతికున్నన్నాళ్ళూ నోరిప్పలేదు. నువ్వు సెప్పు. ఈ నీళ్ళు మంచివేనా?"

"పురుగు లేదండీ," అన్నాను.

"మరి ఇంకోటి? ఆయన అనీవోరే, అది?"

నా చేతిలో గ్లాసు ఉంది. గుమ్మం అవతల బావ వింటున్నాడు, బిందెలతో పోయే ఇద్దరు ఆడవాళ్ళు ఆగారు. నాకు రెండు సగాలూ తెలుసు. మొదటి సగం చెప్పి రెండోది పూర్తి చేసేదాకా ఈ ఊళ్ళో కుళాయి ఆగుతుందని నాకు నమ్మకం లేదు.

"చూడలేదండీ," అన్నాను.

ఆవిడ తలూపి, బిందె మీద మూత పెట్టింది. నేను గ్లాసులో నీళ్ళు తాగేశాను. మూత తియ్యమని చెప్పలేదు.